జిమ్నీకి ఇంట్లో వేసిన రెండంగుళాల లిఫ్ట్: 31 వేల కిలోమీటర్ల తర్వాత

లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే సామాను) పెట్టెలో నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకప్‌లు వస్తాయి. బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు గొట్టాలు) రావు. ఈ రెండేళ్లలో తలనొప్పి తెచ్చిపెట్టినవన్నీ ఆ పెట్టెలో లేనివే.

బండి ఐదు తలుపుల జిమ్నీ, మాన్యువల్ గేర్. మార్చినవి మూడే: రెండంగుళాల స్ప్రింగులు, వాటికి తగ్గ పొడవు షాకప్‌లు, 195/80 ఆర్15 బదులు 215/75 ఆర్15 ఏటీ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్) టైర్లు. పక్కన ఒక 12 వోల్టుల గాలి కొట్టే కంప్రెసర్. ఇంజిన్, మైలేజీ గురించి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా.

లిఫ్ట్ వేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ రెండంగుళాలు పెరుగుతుందనే భ్రమ చాలామందికి ఉంది. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ ఆక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. స్ప్రింగు ఎంత పొడుగైనా పైకి లేచేది చాసిస్, బాడీ మాత్రమే. ఆ ఇరుసు మధ్య గేర్లుండే డిఫ్ (డిఫరెన్షియల్) గుండు నిన్న నేలకి ఎంత ఎత్తులో ఉందో ఇవాళా అంతే. దాన్ని లేపగలిగేది టైరొక్కటే. పాత టైరు వ్యాసం 693 మి.మీ., కొత్తది 703.5. అంటే డిఫ్ కింద మనం సంపాదించింది ఐదు మిల్లీమీటర్లు. దారి మధ్యలో రాయి కనబడితే ఇప్పటికీ చక్రాన్ని దాని మీదికి ఎక్కించాల్సిందే, రెండు చక్రాల మధ్య నుంచి పోనిస్తే గుండుకి తగులుతుంది.

లాభం బండి పొట్ట దగ్గర. ఐదు తలుపుల బండి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,590 మి.మీ., మూడు తలుపుల దానికన్నా 340 ఎక్కువ. అందుకే ర్యాంప్ యాంగిల్, అంటే పొట్ట తగలకుండా గట్టు దాటగలిగే కోణం, 24 డిగ్రీలే. 50 మి.మీ. లేపితే లెక్క ప్రకారం ఇంకో నాలుగు డిగ్రీలు కలుస్తాయి. వికారాబాద్ పరిసరాల్లో చెరువు కట్ట ఎక్కి అవతలికి దిగేటప్పుడు ఆ నాలుగు డిగ్రీల విలువ తెలుస్తుంది. స్టాక్‌లో (కంపెనీ ఇచ్చిన ఎత్తులో) గీసుకున్న చోట ఇప్పుడు గీసుకోదు. మారేడుమిల్లి వైపు వాన నీరు కోసేసిన మట్టి దారుల్లో ఒక చక్రం గుంటలోకి దిగినా రెండోది నేలని వదలట్లేదు. అది పొడవు షాకప్‌ల పుణ్యం, స్ప్రింగులది కాదు. పాత షాకప్‌ల మీద కొత్త స్ప్రింగులు వేసినవాళ్లకి ఎత్తు వస్తుంది కానీ ఆక్సిల్ కిందికి దిగదు. చక్రం జారినప్పుడల్లా షాకప్ చివరికంటా సాగి టక్కుమంటుంది.

బిగించడం ఇద్దరికి ఒక రోజు పని. ముందు రోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాలి. సిమెంటు నేల మీద బండిని పెట్టి, చాసిస్ కింద మూడు టన్నుల జాక్ స్టాండ్లు, ఆక్సిల్ కింద ట్రాలీ జాక్. షాకప్ కింది బోల్టు, స్టెబిలైజర్ లింకు, బ్రేక్ హోస్ పట్టీ, ఏబీఎస్ వైరు క్లిప్పులు విప్పేశాక జాక్‌ని మెల్లగా దించితే స్ప్రింగు చేతికి వచ్చేస్తుంది, స్ప్రింగుని నొక్కిపట్టే పానా అక్కర్లేదు. ఏబీఎస్ వైరు క్లిప్పు మర్చిపోతే ఆక్సిల్ దిగేకొద్దీ వైరు తీగలా బిగుసుకుంటుంది. జాక్ దించేటప్పుడు రెండోవాడి కళ్లు దాని మీదే ఉండాలి. కొత్త స్ప్రింగు కొస కింది గిన్నెలో ఉన్న మెట్టుకి సరిగ్గా ఆనాలి. అరంగుళం తిరిగి కూర్చున్నా ఆ పక్క బండి ఎత్తుగా నిలబడుతుంది.

ఇంతవరకూ బాగానే జరిగింది. తప్పు ఆ తర్వాత జరిగింది. స్ప్రింగు సులువుగా రావాలని ముందు ఆక్సిల్‌ని చాసిస్‌కి పట్టి ఉంచే ఆర్మ్‌ల బోల్టులు వదులు చేశాం. తిరిగి వాటిని బండి ఇంకా స్టాండ్ల మీద ఉండగానే, ఆక్సిల్ వేలాడుతుండగానే, టార్క్ రెంచ్ పెట్టి మరీ బిగించాం. టార్క్ సరైనదే. బిగించిన వేళ తప్పు.

బుష్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎందుకు తప్పో అర్థమవుతుంది. బయటి ఇనుప గొట్టం ఆర్మ్‌కి పట్టుకుని ఉంటుంది, లోపలి గొట్టాన్ని బోల్టు బ్రాకెట్‌కి నొక్కేస్తుంది, ఈ రెంటి మధ్య రబ్బరు. అది తిరగదు, మెలిపడుతుంది అంతే. ఆక్సిల్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరుకి అదే సొంత స్థానం అయిపోతుంది. బండి నేల మీదికి దిగిన క్షణం నుంచే రబ్బరు మెలితిరిగి ఉంటుంది. గుంటలో పడ్డప్పుడల్లా ఇంకాస్త. చేయాల్సిందల్లా బోల్టులు చేత్తో పట్టించి, బండిని నాలుగు చక్రాల మీదికి దించి, బంపర్ పట్టుకుని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు కిందికి దూరి బిగించడం. జిమ్నీ కిందికి దూరడానికి జాక్ కూడా అక్కర్లేదు. ఆ పది నిమిషాల బద్ధకానికి ఆరు వేల కిలోమీటర్ల తర్వాత లెక్క తేలింది.

ఫ్లైఓవర్ జాయింట్ మీద 75 వేగంలో ఎడమ చక్రం పడగానే స్టీరింగ్ రెండు పక్కలకీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. చిన్న వణుకు కాదు, డ్యాష్‌బోర్డు మీది వస్తువులు కింద పడేంత. దానంతటది ఆగదు. గట్టిగా బ్రేకు కొడితే ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని వేగం తగ్గనిస్తే 45 దగ్గర ఒక్కసారిగా ఆగిపోతుంది, ఏమీ జరగనట్టు. రిజిడ్ ఆక్సిల్ బళ్ల పాత రోగం ఇది.

మొదట అందరూ చేసేదే చేశాం: బ్యాలెన్సింగ్. తగ్గలేదు. తర్వాత అలైన్‌మెంట్. ప్రింటవుట్‌లో టో (చక్రాలు ఎంత సూటిగా ఉన్నాయో) పచ్చగా, క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) గడి ఎర్రగా వచ్చింది. క్యాస్టర్ మార్చడానికి ఈ బండిలో తిప్పే బోల్టే లేదు కాబట్టి అక్కడి కుర్రాడు కాగితం చేతిలో పెట్టి పంపేశాడు. అసలు సమాధానం ఆ ఎర్ర గడిలోనే ఉందని అప్పుడు తట్టలేదు. ఆ తర్వాత ఒక షాపువాళ్లు బరువైన స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని మింగే చిన్న షాకప్) అమ్మారు. జిమ్నీకి కంపెనీ డ్యాంపర్ ముందే ఉంది, అది ఉండగానే ఊగిందంటే జబ్బు వేరే చోట ఉందని అర్థం. కొత్తది వేశాక మూడు వారాలు ఊగలేదు, నాలుగో వారం మొదలైంది. ఆ మూడు వారాల్లో బుష్ ఇంకాస్త చిరిగింది. ఊగే బండికి డ్యాంపర్ అంటగట్టేవాళ్ల మీద కోపం ఇంకా పోలేదు.

వెతకడం ఇలా. బండి చక్రాల మీదే ఉండాలి, ఇంజిన్ ఆన్. ఒకరు స్టీరింగ్‌ని బెత్తెడు అటూ బెత్తెడు ఇటూ గబగబా ఆడించాలి. రెండోవారు కింద పడుకుని ఆక్సిల్ పక్కలకి జరగకుండా అడ్డంగా ఉండే ప్యాన్‌హార్డ్ రాడ్ రెండు కొసల దగ్గర, బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య వేలు ఆనించాలి. కంటికి కనబడని ఆట వేలికి దొరుకుతుంది. తర్వాత చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట ఉంటే, ఎవరినైనా బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపాలి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే చక్రం పక్కకి తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగ్. మాకు ఇవన్నీ బాగానే ఉన్నాయి. చివరికి టార్చి వేసి ముందు ఆర్మ్ మీద ఆక్సిల్ వైపున్న బుష్ చూస్తే, రబ్బరులో నెలవంక ఆకారంలో చీలిక, దాని అంచున ఎర్రటి తుప్పు పొడి. స్క్రూడ్రైవర్ కొస లోపలికి దిగింది. కుడి పక్కదీ అంతే.

చిరిగిన బుష్ సగం కథే. లిఫ్ట్ వేస్తే ముందు ఆక్సిల్ ముక్కు కిందికి వాలుతుంది, క్యాస్టర్ తగ్గుతుంది. క్యాస్టర్ తగ్గిన చక్రం తనంతట తాను సూటిగా నిలబడదు, ఎవరైనా కదిపితే ఊగుతుంది. అందుకని పాత కొలత బుష్ కాకుండా, రంధ్రం పక్కకి జరిగి ఉండే క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు వేయాలి. ఆర్మ్‌కి ఆక్సిల్ దగ్గర రెండు చొప్పున మొత్తం నాలుగు. రబ్బరువి దొరికితే అవే తీసుకోండి. పాలీయురేథేన్‌వి నాలుగు నెలల్లో కీచుమంటాయి, ఆక్సిల్‌ని స్వేచ్ఛగా మెలిపడనివ్వవు. చాసిస్ వైపు వేసే డ్రాప్ బ్రాకెట్లు కూడా ఉన్నాయి, కానీ అవి కిందికి వేలాడి రాళ్లకి తగులుతాయి. ఎత్తు కోసం డబ్బు పెట్టి మళ్లీ కిందికి దించుకోవడం ఎందుకు?

లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నచోట ఈ పని గంటన్నర. అక్కడ నిలబడి చూసుకోండి. రంధ్రాల దిశ తప్పితే క్యాస్టర్ పెరగాల్సింది ఇంకా తగ్గుతుంది. ఆర్మ్ బండికి బిగించి ఉన్న స్థితిలో ముందు బుష్ రంధ్రం పైకి, వెనక బుష్ రంధ్రం కిందికి ఉండాలి. ఆర్మ్ విప్పేముందే సుద్దతో "పైన", "ముందు" అని దాని మీద రాసేస్తే ప్రెస్ కింద గందరగోళం ఉండదు. వేశాక మార్పు మొదటి మలుపులోనే తెలిసింది: స్టీరింగ్ వదిలితే దానంతటదే మధ్యకి వస్తోంది. ఆ తర్వాత 25 వేల కిలోమీటర్లలో ఒక్కసారి కూడా ఊగలేదు.

దీనికీ ఒక వెల ఉంది. ఆక్సిల్ ముక్కుని పైకి తిప్పితే వెనక వైపున్న పినియన్ (డిఫ్‌లోకి వెళ్లే గేరు) కిందికి వాలి, దాన్ని తిప్పే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుంది. 2హెచ్‌లో (వెనక చక్రాలే లాగేటప్పుడు) ముందు హబ్‌లు విడిపోతాయి కాబట్టి తెలియదు. 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగేటప్పుడు) 60 దాటితే నేల కింద సన్నటి గిరగిర. ట్రెయిల్ మీద అంత వేగం ఎవరూ వెళ్లరు. వానలో హైవే మీద 4హెచ్ వేసే అలవాటున్నవాళ్లకి మాత్రం నచ్చదు.

మిగతా చిల్లర సంగతులు గబగబా. లిఫ్ట్ వేశాక ప్యాన్‌హార్డ్ రాడ్ ఆక్సిల్‌ని ఒక పక్కకి లాగుతుంది. ఫెండర్ అంచు నుంచి గుండుదారం వేలాడదీసి రెండు పక్కలా టైరుకి దూరం కొలిస్తే మాకు 7 మి.మీ. తేడా వచ్చింది, వదిలేశాం. స్టీరింగ్ వంకరగా ఉంటే మాత్రం వదలకూడదు. స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే డ్రాగ్ లింకు తిప్పి సూటిగా తేకపోతే, స్టీరింగ్ తిరిగి ఉందనుకుని ఈఎస్‌పీ (బండి జారకుండా తనే బ్రేకు వేసే ఏర్పాటు) సూటి రోడ్డు మీదే బ్రేకు వేస్తుంది. హెడ్‌లైట్లు కిందికి దించండి, ఎదుటివాళ్ల శాపనార్థాలు తగ్గుతాయి. ఏటీ టైరు ఒక్కొక్కటీ నాలుగైదు కిలోలు ఎక్కువ. ఐదోది వెనక తలుపు మీద వేలాడుతుంది కాబట్టి ఏడాదికే తలుపు కిర్రుమంది, కబ్జాల బోల్టులు బిగించాల్సి వచ్చింది.

స్ప్రింగుల గురించి పైన పెద్దగా ఫిర్యాదు చేయలేదు. కానీ మొదటి రోజు హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిస్తే వెనక 60 మి.మీ. పెరిగింది, ఇప్పుడు 43. ముందు 55 నుంచి 47కి వచ్చింది. వెనక సామాను ఎప్పుడూ ఉంటుంది, కొంత దాని తప్పే. అంటే పైన చెప్పిన నాలుగు డిగ్రీలు ఇప్పుడు బొటాబొటీ. ఖాళీ బండిలో, అదీ వెనక సీట్లో, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడటం మాత్రం తగ్గలేదు. ఆ స్ప్రింగులు ఇనుప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) మోసే బండి కోసం చేసినవి.

ఇక నిజంగా మురిపించింది ఏదంటే, వాల్వ్ పిన్ తీసి గాలి వదిలే చిన్న ఇత్తడి డిఫ్లేటర్, దానికి తోడు కంప్రెసర్. రాళ్ల దారికి 18 పీఎస్‌ఐ, వాగు ఇసుకకి 14. రబ్బరు ముందుకీ వెనక్కీ సాగి నేలని పరుచుకుని పట్టుకుంటుంది, లోపల ఎముకలు కదిలించే కుదుపు సగమవుతుంది. స్టాక్ టైర్లతోనే ఇది చేస్తే లిఫ్ట్ లేకుండా ఎక్కేసే చోట్లు బోలెడు. రెండు జాగ్రత్తలు: గాలి తీశాక 30 దాటకూడదు, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ విరగతిప్పకూడదు, అంచు రిమ్ వదిలేస్తుంది. కంప్రెసర్ తీగ బ్యాటరీకే తగిలించండి, లైటర్ సాకెట్‌కి పెడితే రెండో టైరుకే ఫ్యూజు పోతుంది. ఒక్క తాండూరు నల్లరేగడి దగ్గర ఈ విద్యలేవీ పనిచేయవు. తడి రేగడి ఏటీ టైరు గాడుల్ని నింపేసి నున్నటి బంతిని చేస్తుంది. అక్కడ వెనక్కి తిరగడమే.

కాగితాల మాట కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. బీమా క్లెయిమ్‌లో సర్వేయర్ కన్ను ముందు వీటి మీదే పడుతుంది. పాత స్ప్రింగులు, షాకప్‌లు అటక మీద దాచింది అందుకే.

సొంత ఇంటి ముందు సిమెంటు నేల ఉంది, పానాలు పట్టే ఇంకో మనిషి ఉన్నాడు, నెలకి రెండుసార్లు కట్టలూ గుట్టలూ తిరుగుతాం. అందుకే లిఫ్ట్ ఇంకా బండి మీద ఉంది. రోజూ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నూరు వేగంలో ఆఫీసుకి వెళ్లే బండి అయితే టైర్లు, డిఫ్లేటర్, కంప్రెసర్‌తో ఆపేసేవాళ్లం. వేయాలనే ఉంటే కరెక్షన్ బుష్‌లు మొదటి రోజే స్ప్రింగులతో పాటు కొనండి. వెనక ప్యాన్‌హార్డ్ బుష్‌లో మొన్న వేలికి కాస్త ఆట తగిలింది, వచ్చే సర్వీసులోపు దాని సంగతి చూడాలి.