జీసీసీలో -డబ్ల్యూకన్వర్షన్: చాలాకాలం వాడాక నా మాట

శ్రీకాకుళంలో డిప్లొమా, బీటెక్ పిల్లలకు సాయంత్రాలు సి ప్రోగ్రామింగ్ భాష నేర్పుతుంటాను. జీసీసీ అంటే మనం రాసిన సి కోడును మెషీన్ నడపగలిగేలా మార్చే కంపైలర్; దాన్ని ఎలా ఎక్కించుకోవాలో ఇక్కడ చెప్పను. నేను రాసేది అందులోని ఒక్క ఆప్షన్ గురించే: -డబ్ల్యూకన్వర్షన్. కొత్తగా సి నేర్చుకునేవాళ్లకు లెక్కల విషయంలో దీనంత మేలు చేసింది నాకు మరొకటి కనబడలేదు. 2008లో వచ్చిన 4.3 వెర్షన్‌లో ఈ ఆప్షన్‌ను కొత్తగా తీర్చిదిద్దారు. అప్పటినుంచి అది చేసే పని ఒకటే: ఒక రకం సంఖ్య ఇంకో రకంలోకి మనం అడగకుండానే మారుతూ, దారిలో విలువ పోగొట్టుకునే వీలుంటే ఆ లైను చూపిస్తుంది.

చాలామంది -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా అనే మామూలు హెచ్చరికల ఆప్షన్లు పెట్టుకుని హెచ్చరికలన్నీ వస్తున్నాయనుకుంటారు. సి ప్రోగ్రాముకు ఆ రెండూ కలిపి పెట్టినా ఇది రాదు. విడిగా అడగాల్సిందే.

దీని విలువ ఎక్కడ తెలిసిందో చెబుతాను. కాశీబుగ్గ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. ఇంట్లో జీడిపిక్కల వ్యాపారం. సీజన్లో రైతుల దగ్గర బస్తాల లెక్కన కొంటారు, బస్తా అంటే అక్కడ 80 కిలోలు. వాళ్ల నాన్నగారి నోటు పుస్తకంలోని పద్దులన్నీ ఎక్కించి మొత్తం చూపించే ప్రోగ్రాము రాశాడు. పాఠం కోసం రాసింది కాదు, ఇంట్లో నిజంగా వాడదామని రాసుకున్నది. మొదట్లో అంతా బాగానే ఉంది. సీజన్ ముదిరేసరికి పుస్తకంలోని మొత్తానికీ, తెరమీది మొత్తానికీ కొన్ని రూపాయల తేడా వచ్చింది. పుస్తకం తప్పయ్యే ప్రసక్తే లేదన్నారు వాళ్ల నాన్నగారు. కుర్రాడు పద్దులన్నీ మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాడు. ఎక్కించడంలో ఒక్క పొరపాటూ లేదు.

ప్రోగ్రాము తెచ్చి నాకు చూపించాడు. నేను కోడు చదవకముందే -డబ్ల్యూకన్వర్షన్ పెట్టి కంపైల్ చేయమన్నాను. బస్తాలను ధరతో గుణించి 'విలువ' అనే ఫ్లోట్‌లో (దశాంశాలు పట్టే సంఖ్య రకం) పెట్టిన లైను దగ్గర హెచ్చరిక వచ్చింది: ఇంట్ (పూర్ణసంఖ్యల రకం) నుంచి ఫ్లోట్‌కి మారుతోంది, విలువ మారిపోవచ్చు.

"ఇదేటి మాస్టారూ, ఇంట్‌ని తీసుకెళ్లి ఫ్లోట్‌లో పెడితే పోయేదేటుంది? ఫ్లోటే పెద్దది కదా!" అన్నాడు.

పెద్దదే. కానీ ఫ్లోట్‌లో అంకెను నిక్కచ్చిగా పట్టుకోవడానికి ఉన్నవి 24 బిట్లే. అంటే 1,67,77,216 వరకు ప్రతి పూర్ణసంఖ్యా సరిగ్గా ఉంటుంది. దానికి ఒకటి కలపండి, మొత్తం కదలదు. 83,88,608 దాటితే ఇక పైసలకు చోటే ఉండదు, అర్ధరూపాయి కూడా పట్టదు. ఎనభై మూడు లక్షలంటే ఒక మోస్తరు జీడి వ్యాపారికి సీజన్లో దాటే మొత్తమే. హమాలీ ఖర్చుల్లోని పైసలు ఒక్కో పద్దు దగ్గరా ఇటో అటో సర్దుకుపోతూ, చివరికి ఆ తేడాగా తేలాయి.

నిజం చెప్పాలంటే హెచ్చరిక వచ్చిన లైనులో నష్టమేమీ జరగలేదు. ఒక్కో పద్దు విలువ చిన్నదే, ఫ్లోట్‌లో పట్టేదే. నష్టం జరిగింది ఆ కింద, ఫ్లోట్‌కి ఫ్లోట్ కలిపే లైనులో. అక్కడ రకం మారడం లేదు కాబట్టి కంపైలర్ ఏమీ అనలేదు. అయినా ఆ హెచ్చరిక రాకపోతే 'ఇక్కడ ఫ్లోట్ ఎందుకు?' అన్న ప్రశ్న మాకు పుట్టేది కాదు. నాకు ఇది నచ్చడానికి అసలు కారణం అదే.

డబ్బును ఫ్లోట్‌లో పెట్టడం మానేసి, అంతా పైసల్లోకి మార్చి ఇంట్‌కన్నా పెద్ద పూర్ణసంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్‌లో దాచమన్నాను. చూపించేటప్పుడు వందతో భాగించి రూపాయలు, శేషంతో పైసలు. పైసలకు రెండంకెల చోటు తప్పనిసరి, లేకపోతే ఐదు పైసలు కాస్తా యాభైలా కనిపిస్తాయి. ఇలా మార్చేటప్పుడు కోడు రాసే తీరు కూడా దానంతట అదే బాగుపడింది. అంతకుముందు ఏ, బి, ఎక్స్1 అని ఉన్న పేర్లు 'ధర_పైసలు', 'మొత్తం_పైసలు' అయ్యాయి. నాలుగుచోట్ల విడిగా పడి ఉన్న 80 ఒకేచోట పేరు పెట్టుకుని కూర్చుంది. పేరులో కొలత ఉంటే రూపాయలనూ పైసలనూ కలిపే లైను చదవగానే కంట్లో పడుతుంది. మంచి పేర్లు పెట్టడాన్ని అందం కోసం చేసే పనిగా చెబుతుంటారు చాలామంది. నా దృష్టిలో లెక్క తప్పకుండా చూసుకోవడంలో సగం అదే.

ఇంతవరకు పొగిడాను. ఈ కొత్త ప్రోగ్రాములోనే ఆ ఆప్షన్ ఒక పెద్ద తప్పును చూస్తూ ఊరుకుంది. 'విలువ_పైసలు' లాంగ్ లాంగే. కానీ బస్తాలూ ధరా రెండూ ఇంట్‌లే. సిలో రెండు ఇంట్‌లను గుణిస్తే ఆ గుణకారం ఇంట్‌లోనే జరుగుతుంది, ఆ తర్వాతే ఫలితం పెద్ద గదిలోకి వెళుతుంది. 1,500 బస్తాలు, బస్తా 15,000 రూపాయలు అనుకుని పరీక్షించాం. 225 కోట్ల పైసలు రావాలి. ఇంట్ పరిమితి 214 కోట్ల 74 లక్షల చిల్లర. తెరమీద మైనస్ 204 కోట్ల చిల్లర వచ్చింది. మైనస్ కనబడింది కాబట్టి సరిపోయింది. అదే 3,000 బస్తాలు ఇస్తే 20,50,327 రూపాయల 4 పైసలు అని చూపించింది. నాలుగున్నర కోట్లు రావాల్సిన చోట ఇరవై లక్షలు! చూస్తే నిజమైన మొత్తంలాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

దీన్ని పట్టింది వేరే ఆప్షన్: -ఎఫ్‌శానిటైజ్=అన్‌డిఫైన్డ్. ప్రోగ్రాము నడుస్తుండగా, ఫలానా లైనులో 1500 ఇంటూ 1500000 ఇంట్‌లో పట్టదని అంకెలతో సహా చెప్పింది. గుణకారానికి ముందు ఒకదాన్ని లాంగ్ లాంగ్‌గా మార్చమంటే సరిపోయింది. అయితే ఇది లైనక్స్‌లో హాయిగా పనిచేస్తుంది కానీ, పిల్లల విండోస్ ల్యాప్‌టాప్‌లలోని మింగ్‌డబ్ల్యూలో (విండోస్‌లో నడిచే జీసీసీ) దానికి కావలసిన లైబ్రరీ దొరక్క లింక్ దగ్గరే ఆగిపోయింది. సిలో పూర్ణసంఖ్య ఐదును తొమ్మిదితో భాగిస్తే భిన్నం పోయి సున్నా వచ్చే తప్పు ఉంది కదా, ప్రతి బ్యాచ్‌లో కనబడేదే, దాన్నైతే జీసీసీ హెచ్చరికల్లో ఏదీ పట్టదు. అది నోటితో చెప్పి నేర్పాల్సిందే.

ఇంకో ఇబ్బంది రొద. స్ట్రింగ్ పొడవును ఇంట్‌లో పెట్టినా, చార్‌కి (ఒక్క అక్షరం పట్టే రకం) ఒకటి కలిపినా హెచ్చరికే. కొత్తవాళ్లు తెరనిండా అవి చూసి టెన్షన్ పడతారు. కొందరు ప్రతి లైనుకూ ఒక క్యాస్ట్ (రకం మార్చమని మనమే చెప్పడం) తగిలించి నోరు మూయిస్తారు. దానితో హెచ్చరిక పోతుంది, నష్టం అలాగే ఉంటుంది. అందుకే మొదటి నెలల్లో -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా చాలంటాను. ఫంక్షన్లు రాయడం వచ్చాక, డబ్బూ బరువూ లెక్కపెట్టే ప్రోగ్రాము చేతిలోకి వచ్చాక దీన్ని పెడతాను.

నా దగ్గర ఉండేది చిన్న బ్యాచ్, మెషీన్లన్నీ లైనక్స్. ఒక్కో హెచ్చరిక దగ్గరా ఆగి మాట్లాడే తీరిక ఉంటుంది. పెద్ద ల్యాబ్‌లో, విండోస్ మీద, ఒక్కరే అంతమందిని చూడాల్సి వస్తే నేనూ ఇంత ధీమాగా దీన్ని పెట్టమని చెప్పలేను. కాలేజీ ల్యాబ్‌లో ఇంకా టర్బో సి మీదే పరీక్ష రాయాల్సిన పిల్లలకైతే ఇంట్లో జీసీసీ మీద సాధన చేసి, పరీక్షకు ముందు అక్కడ ఒకసారి నడిపి చూసుకోమంటాను. ఆ కంపైలర్‌లో ఇంట్ 32,767 దగ్గరే ఆగిపోతుంది, 410 బస్తాల బరువు కిలోల్లో రాస్తే అందులో పట్టదు.