ఆరు వారాల షుగర్ క్లాసులు: చేరేముందు తెలుసుకోవాల్సినవి

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో కేట్ లోరిగ్ బృందం తయారుచేసిన డయాబెటిస్ సెల్ఫ్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రామ్ టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల కోసం. వారానికి ఒక్క క్లాసు, రెండున్నర గంటలు, మొత్తం ఆరు వారాలు. కమ్యూనిటీ హాల్లోనో, లైబ్రరీలోనో, ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న గదిలోనో 12 నుంచి 16 మంది కూర్చుంటారు. నడిపేది ఇద్దరు. శిక్షణ తీసుకుని, మాన్యువల్ ప్రకారం నడుపుతారు. వాళ్లలో ఒకరైనా తామే షుగర్‌తో ఉన్న మామూలు మనిషి అయి ఉండటం ఈ పద్ధతి ప్రత్యేకత. ఇక్కడ మందులు రాయరు, డోసు మార్చరు, డైట్ చార్టు రాసివ్వరు. అవి ఆశించి వెళ్లినవాళ్లు మొదటి వారమే నిరాశపడతారు.

మరి ఇచ్చేదేమిటి? యాక్షన్ ప్లాన్. ప్రోగ్రామ్ విలువంతా అందులోనే ఉంది. క్లాసు ముగిసేలోపు ప్రతి ఒక్కరూ వచ్చే వారానికి తాము చేయాలనుకున్న ఒక్క పని చెప్పాలి: ఏం చేస్తారు, ఎంత, ఎప్పుడు, వారంలో ఎన్ని రోజులు. "బరువు తగ్గుతాను" అంటే కుదరదు. "సోమ, బుధ, శుక్రవారాల్లో రాత్రి భోజనం అయ్యాక పావుగంట నడుస్తాను" అంటే కుదురుతుంది. ఆ తర్వాత అడిగే ప్రశ్న ఇంకా ముఖ్యం: ఇది పూర్తిగా చేయగలనన్న నమ్మకం సున్నా నుంచి పదిలో ఎంత? ఏడు కంటే తక్కువ చెబితే ప్లాన్ మార్చాలి. అయిదు అన్నారనుకోండి. అడ్డం వచ్చేదేమిటని లీడర్ అడుగుతారు. శుక్రవారం పని నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుందంటే ఆ రోజును శనివారానికి మారుస్తారు, నమ్మకం ఎనిమిదికి వస్తుంది. వారానికి ఏడు రోజులూ చేస్తానని మాటివ్వడాన్ని మంచి లీడర్లు ప్రోత్సహించరు. ఒక్కరోజు తప్పినా ప్లాన్ మొత్తం పోయిందని మనిషి వదిలేసే ప్రమాదముంది కాబట్టి మూడు నాలుగు రోజులే మేలు.

మరుసటి వారం క్లాసు మొదలయ్యేదే ఆ లెక్కతో. చేయలేకపోయినవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. ఆటంకం ఏమిటో చెప్పమంటారు, తక్కినవాళ్లు తలో ఉపాయం చెబుతారు, వాటిని బోర్డు మీద రాస్తారు. అందులోంచి ఒకటి ఎంచుకోవాల్సింది మాత్రం సమస్య ఉన్న మనిషే. అది పనిచేయకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే బయటి సాయం. ఇప్పటికిది తెగే సమస్య కాదని ఒప్పుకుని పక్కన పెట్టడం కూడా ఈ వరుసలో ఒక మెట్టే. షుగర్ విషయంలో ఇంత నిజాయితీగా మాట్లాడే చోట్లు తక్కువ.

క్లాసు చెడిపోయేదీ ఇక్కడే. ఇరవై మందిని చేర్చుకుంటే అందరి ప్లాన్లూ వినడానికి టైము చాలదు. "బావుంది, ప్రయత్నించండి" అనేసి ముందుకు పోతారు, నమ్మకం ఎంతని అడగడం మానేస్తారు. లేదా లీడర్‌కు తెలిసింది ఎక్కువై, చర్చ ఉపన్యాసంగా మారుతుంది. రెండో క్లాసులో మీ పోయినవారం ప్లాన్ గురించి ఎవరూ అడగకపోతే ఆ బ్యాచ్ మంచిది కాదని తేల్చుకోవచ్చు.

ఫలితాల సంగతి దాచకుండా చెప్పుకోవాలి. 345 మందితో చేసిన ట్రయల్ 2009లో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే హెచ్‌బిఎ1సి అనే, షుగర్ సగటు చూపే రక్తపరీక్షలో, క్లాసులకు వెళ్లనివాళ్లతో పోలిస్తే, మెరుగు కనిపించలేదు. అయితే చేరేటప్పటికే వాళ్ల సగటు తక్కువగా ఉంది, తగ్గడానికి పెద్దగా చోటు లేదు. దిగులు, లో షుగర్ (రక్తంలో షుగర్ మరీ పడిపోవడం) లక్షణాలు తగ్గాయి. డాక్టరుతో మాట్లాడటం, తిండి అలవాట్లు, ప్యాకెట్ల మీద లేబుల్ చదవడం మెరుగయ్యాయి. అంటే నంబరు పడిపోతుందన్న ఆశతోనే చేరకండి. మందులు వేసుకుంటూ రోజువారీ నిర్ణయాల దగ్గర తడబడేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. హెచ్‌బిఎ1సి రెండు మూడు నెలల సగటు గనుక ఆరో వారం ముగిసిన వెంటనే పరీక్ష చేయించి తీర్పు చెప్పకండి. చేరేముందు ఒకసారి, ముగిశాక మూడు నెలలకు ఒకసారి చేయించండి.

లో షుగర్ పాఠం ఒక్కటీ శ్రద్ధగా విన్నా వెళ్లినందుకు ఫలితం దక్కినట్టే. మీటర్‌లో షుగర్ 70 mg/dL కంటే తక్కువుంటే వేగంగా ఎక్కే పిండిపదార్థం 15 గ్రాములు తీసుకోవాలి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. నాలుగు గ్రాముల గ్లూకోజ్ మాత్రలైతే నాలుగు. కొవ్వు కలిసిన తీపి ఆలస్యంగా రక్తంలోకి చేరుతుంది, అది ఈ పనికి రాదు. పిండిపదార్థం అరగడాన్ని నెమ్మదింపజేసే అకార్బోస్, వోగ్లిబోస్ మందులు వాడేవాళ్లకు మామూలు పంచదార కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. ఈ మాట క్లాసులో రాకపోతే మీరే ఎత్తండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే అత్యవసర సాయం పిలవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లకు ఎక్కువ. ఎవరి మందు ఏ కోవలోదో మొదటి వారమే తెలుసుకోవాలి.

మీటర్ వాడకం మీద కూడా కాస్త పట్టుబట్టండి. వేలికి తీపి అంటుకుని ఉంటే రీడింగ్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి చేతులు కడిగి, బాగా తుడుచుకున్నాకే గుచ్చాలి. వేలి కొనమీద కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి వదిలేస్తే తేమకు పాడవుతాయి. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు ఒకసారి చూస్తే ఆ భోజనం చేసిన పని తెలుస్తుంది. తోచినప్పుడల్లా చూసి నోటుపుస్తకంలో నింపిన అంకెలతో ఎవరికీ ఉపయోగం లేదు.

ఇన్సులిన్ డోసు సర్దుకోవడం ఇక్కడ నేర్చుకోలేరు. ఒకేచోట పదేపదే పొడిచి చర్మం కింద గడ్డకడితే ఇన్సులిన్ సరిగా ఎక్కదు. దాన్ని తడిమి చూడాల్సింది నర్సు లేదా డయాబెటిస్ ఎడ్యుకేటర్. టైప్ 1 వాళ్లకు బ్రిటన్‌లో నడిచే అయిదు రోజుల డాఫ్నే లాంటి కోర్సే సరైనది, అందులో తిన్న పిండిపదార్థాన్ని బట్టి డోసు లెక్కకట్టడం నేర్పుతారు. పాదం మీద మానని పుండు ఉన్నవాళ్లు, షుగర్ బాగా ఎక్కి వాంతులవుతున్నవాళ్లు క్లాసు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పేరు ఇచ్చేముందు నిర్వాహకులను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. లీడర్లిద్దరూ శిక్షణ పూర్తిచేశారా? బ్యాచ్‌లో గరిష్ఠంగా ఎంతమంది? ఆరు వారాల తర్వాత కలుసుకునే ఏర్పాటు ఉందా? మూడోది దాటవేయకండి, క్లాసులు ఆగాక అలవాట్లూ మెల్లగా జారిపోతుంటాయి. ఆరులో నాలుగు క్లాసులకు వస్తే పూర్తిచేసినట్టే లెక్కిస్తారు. అయినా మొదటి రెండూ మానకండి, యాక్షన్ ప్లాన్ పద్ధతి పట్టుబడేది వాటిలోనే. మొదటి రోజే మీ మందుల జాబితా, మీటర్ వెంట తీసుకెళ్లండి.