ర్యాక్ బోల్టుకు ఏ ఫ్లోర్ మేలు: మామూలు కాంక్రీటా, ఫైబర్ కాంక్రీటా?

గోడౌన్ ఫ్లోర్లకు కమ్మీల మెష్ కట్టకుండా, ఘనమీటరుకు 20 నుంచి 40 కిలోల స్టీల్ ఫైబర్ (చిన్న చిన్న ఉక్కు పోగులు) కలిపి పోయడం ఇప్పుడు మామూలైంది. ఫ్లోర్ వరకు అది మంచి పద్ధతే. కానీ దాని మీద ఎత్తయిన ర్యాకులు నిలబెట్టేటప్పుడు "ఫైబర్ ఉంది కదా, బోల్టు కాస్త పొట్టిదైనా చాలు" అంటే నాకు భయమేస్తుంది.

బోల్టును పైకి లాగినప్పుడు ఇనుము తెగకపోతే, బోల్టు జారి రాకపోతే, చుట్టూ కాంక్రీటు గరాటు ఆకారంలో పెళ్లగిలి వస్తుంది. బలమంతా లోతులోనే ఉంది. యూరప్ కోడ్ ఈఎన్ 1992-4 ప్రకారం ఎం30 కాంక్రీటులో 80 మి.మీ. లోతున్న ఎక్స్‌పాన్షన్ బోల్టుకు (బిగిస్తే రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే రకం), సేఫ్టీ ఫ్యాక్టర్ తీయకముందు, సుమారు 39 కిలోన్యూటన్లు వస్తాయి. లోతు 60కి తగ్గిస్తే 26 కూడా రాదు. ఈ మోతాదు ఫైబర్ ఆ లోటు పూడుస్తుందని నమ్మకూడదు. ఎందుకంటే ఫ్లోర్ పోసి చదును చేసేటప్పుడు పోగులు ఎక్కువగా అడ్డంగా పడుకుంటాయి. గరాటు పగులు కూడా నేలకు దాదాపు 35 డిగ్రీల వాలులోనే పోతుంది కాబట్టి, నిలువు పగులును పట్టుకున్నంత బాగా దాన్ని పట్టుకోలేవు. పైగా పోగు పని మొదలయ్యేది పగులు విచ్చుకున్నాకే.

మరి ఫైబర్‌తో లాభం లేదా? ఉంది, చాలా ఉంది. అదే బోల్టు పగులు మీద పడితే 39 కాస్తా 27 అవుతుంది. ఫైబర్ పగుళ్లను సన్నగా ఉంచుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి ర్యాక్ కాలికి గుద్దినప్పుడు మామూలు కాంక్రీటు ఒక్కసారిగా ఊడిపోతుంది, స్టీల్ ఫైబర్ కాంక్రీటు మెల్లగా వదులుతుంది. కింద మనుషులు తిరిగే చోట ఆ తేడా చిన్నది కాదు. జాయింటు అంచున బోల్టు బిగిస్తే కాంక్రీటు చీలే ప్రమాదమూ తగ్గుతుంది. డ్రిల్ వేస్తుంటే కమ్మీ అడ్డం పడే బాధ ఎలాగూ లేదు.

ఘనమీటరుకు 900 గ్రాములు వేసే సన్న పాలీప్రొపిలీన్ ఫైబర్ సంగతి వేరు. అది పచ్చి కాంక్రీటులో పగుళ్లు ఆపడానికే. బోల్టు లెక్కలో దాన్ని మామూలు కాంక్రీటుగానే చూడాలి.

కాబట్టి ర్యాకులకు నా ఓటు స్టీల్ ఫైబర్ ఫ్లోరుకే, బోల్టు లోతు మాత్రం మామూలు కాంక్రీటు లెక్క ప్రకారమే. బోల్టు రకానికొస్తే, ర్యాకులకు ఎక్స్‌పాన్షన్ బోల్టు చాలు, టార్క్ రెంచ్‌తో బిగించాలి. అదిరే మెషీన్లకూ అంచు దగ్గర పడే బోల్టులకూ కెమికల్ యాంకర్ (రంధ్రంలో రెజిన్ జిగురుతో అతికించే బోల్టు) మేలు. అయితే రంధ్రంలో దుమ్ము ఊది, బ్రష్ వేసి, మళ్లీ ఊదకపోతే ఏ కాంక్రీటైనా అది పట్టదు. ఎండాకాలం రెజిన్ తొందరగా గట్టిపడిపోతుంది, పొద్దున్నే వేసుకోవడం మంచిది.

ఇంకో మాట. చాలా బోల్టుల యూరప్ అప్రూవల్ పత్రాల్లో "ఫైబర్ లేని కాంక్రీటు" అనే రాసి ఉంటుంది. అందుకే సైటులో పుల్ టెస్ట్ (బోల్టును జాకీతో పైకి లాగి చూడటం) తప్పనిసరి. జాకీ కాళ్లు బోల్టు నుంచి దాని లోతుకు రెట్టింపు దూరంలో, అంటే 80 మి.మీ. లోతున్న బోల్టుకు 160 మి.మీ. అవతల, పెట్టించండి. దగ్గరగా పెడితే ఆ కాళ్లే గరాటును అదిమిపట్టి, లేని బలం చూపిస్తాయి.