ధనుర్మాసంలో నవల: ముప్పై రోజుల రాత పద్ధతి, ఐదేళ్ల వాడకం తర్వాత

ముందే తేల్చి చెప్పేస్తాను. నెల రోజుల్లో నవల చిత్తుప్రతి పూర్తిచేసే పద్ధతి తెలుగులోనూ పనిచేస్తుంది. కాకపోతే ఇంగ్లీషువాళ్ల అంకెలతో, వాళ్లు పెట్టుకున్న నెలలో పనిచేయదు. తిరుపతిలో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ఐదేళ్లలో ఐదు చిత్తుప్రతులకు వాడాక తేలిన సంగతి ఇది.

పద్ధతి అమెరికాది. 1999లో క్రిస్ బాటీ 21 మందితో మొదలుపెట్టిన నానోరైమో అనే, నెలలో నవల రాసే కార్యక్రమం నుంచి వచ్చింది. 30 రోజులు, 50,000 పదాలు, అంటే రోజుకు 1,667. మొదటి ఏడు జులైలో పెట్టుకున్నారు, మరుసటి ఏడు నవంబరుకు మార్చారు. 2025 మార్చిలో ఆ సంస్థ మూసేస్తున్నట్టు ప్రకటించింది. పద్ధతికి దాంతో వచ్చిన నష్టమేమీ లేదు, గడియారం, నోటుబుక్కు ఉంటే చాలు.

మొదటి చిక్కు 1,667 దగ్గరే వస్తుంది. తెలుగులో విభక్తులు, క్రియల తోకలు మాటకే అతుక్కుని ఉంటాయి. 'ఇంట్లోంచి' అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో నాలుగు. 'వెళ్లలేకపోయినందుకు' అని ఒక్క మాటలో ముగించేదానికి వాళ్లకు ఆరేడు మాటలు కావాలి. అదే అంకె పెట్టుకుని కూర్చుంటే ఇంగ్లీషువాడికంటే సగం ఎక్కువ కథ రాయాల్సి వస్తుంది, పదో రోజుకు నడుం విరుగుతుంది. మా వాడకంలో నిలిచిన అంకె రోజుకు 1,250. రాసే రోజులు 24. మొత్తం 30,000 పదాలు. అచ్చు పుస్తకంలో పేజీకి సుమారు 200 మాటలు వేసుకుంటే 150 పేజీల నవల, చిన్నదేమీ కాదు.

కంప్యూటర్ లెక్క చూపేది ఖాళీల మధ్య ఉన్న ముక్కలనే. 'వెళ్లిపోయాడు' అని కలిపి రాస్తే ఒకటి, 'వెళ్లి పోయాడు' అని విడదీస్తే రెండు. అలసట వచ్చిన రోజున చెయ్యి తనంతట తనే విడదీయడం మొదలుపెడుతుంది. అంకె నిండుతుంది, కథ కదలదు. కలిపి రాయాలో విడదీయాలో మొదటి రోజే నిర్ణయించుకుని దానికే కట్టుబడండి.

నవంబరు ఈ ఊరికి సరిపడదు. ఈశాన్య రుతుపవనాల వాన మన జిల్లాల మీద పడేది అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎట్లా పారాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అది కాక కార్తీక సోమవారాలు, తిరుచానూరు బ్రహ్మోత్సవాలు. ఇంట్లో ఎవరో ఒకరు ఉపవాసం, ఇంకొకరు ప్రయాణం. మనకు కుదిరేది ధనుర్మాసం, డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా. తెల్లవారుజామున లేవడం అప్పుడు ఊరందరికీ అలవాటే కాబట్టి నాలుగున్నరకు లైటు వేస్తే ఎవరూ వింతగా చూడరు. తిరుప్పావై 30 పాశురాలు, రోజుకొకటి. ముప్పై రోజుల లెక్క మనకు ఎవరూ నేర్పాల్సింది కాదు. రోజువారీ కోటా కూడా అంతే. అన్నమయ్య పదహారో ఏట మొదలుపెట్టాడని రాగిరేకు చెబుతోంది. 1424 నుంచి 1503 వరకు 79 ఏళ్లు. సంప్రదాయం చెప్పే 32,000 సంకీర్తనలను వాటితో భాగిస్తే ఏడాదికి 405, రోజుకొకటికి కాస్త పైన. (మిగిలినవి అందులో సగం కూడా లేవు, అది వేరే బాధ.)

30 రోజుల్లో నాలుగు శనివారాలు తీసేయండి. వైకుంఠ ఏకాదశి, ద్వాదశి కూడా తీసేయండి. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు ఆ రోజుల్లో చుట్టాల కొదవ ఉండదు. దర్శనం టికెట్టు దొరికిన ప్రతి పిన్నమ్మా, మేనమామా మన ఇంటికే దిగుతారు. దీన్ని అడ్డంకి అనుకుని విసుక్కునే బదులు ముందే లెక్కలో వేసుకుంటే ఆ రెండు రోజులూ హాయిగా గడుస్తాయి. మిగిలేవి 24.

రోజుకు ఐదు విడతలు, ఒక్కోటి 25 నిమిషాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. ఈ 25 నిమిషాల కొలత ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో చిరిల్లో 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టినది. చేత్తో తెలుగు రాసేటప్పుడు నిమిషానికి పది మాటలు వస్తే ఒక విడతకు 250. నాలుగున్నర నుంచి ఆరున్నర లోపల నాలుగు విడతలు పూర్తవుతాయి, ఐదోది రాత్రి భోజనం తర్వాత. రాత్రికి రెండు మిగిల్చుకున్న రోజు సాధారణంగా ఒకటి ఎగిరిపోతుంది. టైమర్‌గా ఫోను వాడొద్దు. మోత ఆపడానికి చేతిలోకి తీసుకున్న ఫోను అరగంట దాకా కిందికి దిగదు. వంటింటి టైమరో, బల్ల మీది అలారం గడియారమో చాలు.

సామాను విషయానికొస్తే, 200 పేజీల లాంగ్ నోటుబుక్కులు రెండు, ఒకవైపే రాయాలి. పేజీకి 160 మాటల లెక్కన రెండింటిలో 30,000 సరిపోతాయి. ఎడమవైపు ఖాళీ పేజీ 'తర్వాత చూడాలి' అనే గుర్తులకు. ఊరి పేరు తోచకపోయినా, బస్సు ఎన్ని గంటలదో తెలియకపోయినా వాక్యంలో సున్నా చుట్టి ముందుకు పోవడమే. వెతకడానికి లేచామంటే ఆ విడత పోయినట్టే. రోజూ రాసిన అంకెను గోడ క్యాలెండర్లో వేసేవాళ్లకు ఒక మాట: ధనుర్మాసం రెండు క్యాలెండర్ల మీద పడుతుంది, జనవరి ఒకటిన పాతది గోడ దిగగానే అప్పటిదాకా వేసిన అంకెల వరుస కళ్లముందు నుంచి పోతుంది. వరుస తెగితే ఊపు తెగుతుంది. 24 గళ్ల గ్రాఫు కాగితం విడిగా అంటించుకోండి.

ల్యాప్‌టాప్ మీద రాసేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మేలు, అందులో తెలుగు అక్షరాలకే నేరుగా కీలు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే పద్ధతుల్లో కొన్ని ప్రతి మాటకూ నాలుగు రూపాలు చూపి ఎంచుకోమంటాయి. కన్ను కథ మీద నుంచి ఆ జాబితా మీదికి పోతుంది. ఇన్‌స్క్రిప్ట్ చేతికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి నవంబరులోనే నేర్చుకోవాలి.

ఫోనులో నోటితో చెప్పి రాయించడం మూడేళ్లు వాడి మానేశాం. వేగం ఉంది, కాదనలేం. కానీ మన చిత్తూరు యాస దానికి ఎక్కదు. 'వస్తా ఉండాడు' అంటే 'వస్తున్నాడు' అని వేస్తుంది, 'యాడికి పొయ్యేది' అన్నది ఏమవుతుందో చెప్పలేం. పాత్రలన్నీ వార్తలు చదివేవాళ్లలా తయారవుతాయి. ఫుల్‌స్టాపులు పడవు, మర్నాడు చదివితే ఎవరు ఎవరితో అన్నారో మనకే తెలియదు. వర్ణన వరకు పరవాలేదు, సంభాషణకు అసలు పనికిరాదు. వేళ్లతో టైపు చేసినా కీబోర్డు సెట్టింగుల్లో ఆటో కరెక్షన్ ఆపేయకపోతే యాస ముక్కలన్నిటినీ అది 'దిద్దిపెడుతుంది'.

ఇంగ్లీషు సలహాల్లో ఎక్కడా కనబడని విషయం ఒకటుంది, వేగంగా రాసే తెలుగు నవలను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది అదే. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది. ఎనిమిదో రోజున రమణయ్య మేనమామ కాదు, చిన్నాన్న అయితే బాగుండునని తోచిందనుకోండి. ఇంగ్లీషులో ఒక పేరు మార్చితే తీరుతుంది. ఇక్కడ 'మామా' పోయి 'చిన్నాయనా' రావాలి, ఆ ఇద్దరి మధ్య సరసమూ పోవాలి, కూతురి పెళ్లి సంబంధమే కూలిపోవచ్చు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయితే ప్రతి క్రియ తోకా మారుతుంది: 'వస్తారా' 'వస్తావా' అవుతుంది, 'కూర్చోండి' 'కూర్చో' అవుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఒక అట్టముక్క మీద పాత్రల పేర్లు అడ్డంగా, నిలువుగా వేసి, ప్రతి గడిలో పిలుపు, నువ్వు లేదా మీరు రాసుకోవాలి. ఎనిమిది పాత్రలకు 56 గళ్లు, గంట పని. జేజి అంటారా, అవ్వ అంటారా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. అలాగే కథ చెప్పే గొంతు యాసలోనా, మామూలు పత్రిక భాషలోనా అన్నది అట్ట పైనే రాయండి. రెండో వారంలో అది తప్పకుండా జారుతుంది. జారిన చోట ఎడమ పేజీలో గీత పెట్టి వదిలేయండి.

ఊపు ఎప్పుడు పడిపోతుందో అయిదుసార్లూ ఒకటే: తొమ్మిదో రోజు అటూ ఇటూ, 10,000 పదాలు దాటే ముందు. కారణం బద్ధకం కాదు. అప్పటికి అందరినీ పరిచయం చేసేసి ఉంటాం, కొత్త తగాదా ఏదీ రాలేదు. దానికి మందు నవంబరులోనే వేసుకోవాలి. రోజుకొక వాక్యం చొప్పున 24 వాక్యాలు: ఈ రోజు ఎవరికి ఏం కావాలి, అడ్డుపడేది ఎవరు. తొమ్మిదో వాక్యంలో పెద్ద సంఘటనే పెట్టండి, దాన్ని చివరికి దాచుకోవద్దు. ఇంకోటి, ఐదో విడతను సన్నివేశం మధ్యలో, వీలైతే వాక్యం మధ్యలోనే ఆపండి. తెల్లారి కూర్చోగానే రాయడానికి మిగిలి ఉంటుంది. నిన్నటి దాంట్లో చివరి పది వరుసలు మాత్రమే చదవాలి. పేజీ వెనక్కి తిప్పితే దిద్దుబాటు మొదలవుతుంది, ఆ రోజు 300 దాటదు.

ఒక రోజు తప్పితే మర్నాడు 2,500 రాద్దామనుకోవద్దు, రెండూ పోతాయి. ఆ 1,250ని పది రోజులకు పంచితే రోజుకు 125, అంటే అర విడత. వరసగా మూడు రోజులు తప్పితే మాత్రం పంచడం కుదరదు, ఉపకథ ఒకటి తీసేయాల్సిందే.

పద్ధతిలో సరిదిద్దలేని లోపం ఒకటుంది. వేగానికి సంభాషణ లొంగినంతగా మరేదీ లొంగదు. పదిహేనో రోజుకల్లా మనుషులు ఖాళీ గదిలో నిలబడి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. రోజుకొక విడత మాటల్లేకుండా రాయాలని నియమం పెట్టుకుంటే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. చరిత్ర నవల రాసేవాళ్లకు, ప్రతి పేజీకీ ఆధారం వెతకాల్సినవాళ్లకు ఈ పద్ధతి వద్దనే చెబుతాను.

భోగి నాటికి చేతిలో ఉండేది చిత్తే. తిరిగి చదివితే మంటలో వేసే పాత సామానులో కలిపేయాలనిపిస్తుంది. అందుకే అప్పుడు చదవొద్దు. రెండు నోటుబుక్కులూ, పిలుపుల అట్టా కలిపి అటక మీద పెట్టి, శివరాత్రి తర్వాత ఎర్ర రీఫిల్‌తో ఎడమ పేజీల నుంచి మొదలుపెట్టండి. మూడో వంతు కొట్టివేతకు పోతుంది.