టొరంటోలో లీఫ్స్ హాకీ ఇంట్లో కూర్చుని చూడాలంటే: మా ఇంటి బిల్లుల రివ్యూ

ప్రతి అక్టోబర్‌లో హాకీ సీజన్ మొదలవగానే కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎవరో ఒకరు అడుగుతారు, అన్నా పిల్లాడు మేపుల్ లీఫ్స్ అనే టొరంటో ఐస్ హాకీ టీమ్ మ్యాచ్‌లు పెట్టమని గొడవ చేస్తున్నాడు, ఏది కొనమంటావు అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకంటే ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. మాది తెనాలి, మిస్సిసాగా వచ్చి తొమ్మిదేళ్ళు అయింది. నాకు హాకీ అంటే స్కూల్లో గ్రౌండ్ మీద ఆడేదే తెలుసు, ఈ ఐస్ మీద ఆట మావాడి వల్ల అలవాటైంది. మా వీధిలో పిల్లలు రోడ్డు మధ్యలో చిన్న నెట్ పెట్టుకుని టెన్నిస్ బాల్‌తో ఆడుతుంటారు, కారొస్తే ఒకడు "కార్!" అని అరుస్తాడు, అందరూ నెట్ పక్కకి లాగేసి మళ్ళీ పెట్టుకుంటారు, మావాడు నాలుగేళ్ళప్పుడు ఆ అరిచేవాడి పక్కన నిలబడటంతో మొదలెట్టి ఇప్పుడు రాత్రి పడుకునే ముందు కూడా లీఫ్స్ ఆటగాడు మాథ్యూస్ ఎన్ని గోల్స్ కొట్టాడో లెక్క చెప్తాడు.

సరే అసలు విషయం. లీఫ్స్ మ్యాచ్‌లు అన్నీ ఒకేచోట రావు, మొదట అర్థం చేసుకోవాల్సింది ఇదే. 2024-25, 2025-26 సీజన్లు చూసుకుంటే రెగ్యులర్ సీజన్లో 82 మ్యాచ్‌లు, అందులో శనివారం రాత్రివి హాకీ నైట్ ఇన్ కెనడా అనే కార్యక్రమం కింద సీబీసీలోనో స్పోర్ట్స్‌నెట్‌లోనో సిటీ టీవీలోనో, బుధవారం నేషనల్ (దేశమంతా చూపించే) మ్యాచ్‌లు స్పోర్ట్స్‌నెట్‌లో, సోమవారం నేషనల్ మ్యాచ్ అయితే అమెజాన్ ప్రైమ్‌లో, మిగిలిన రీజినల్ (టీమ్ ఏరియా వాళ్ళకే చూపించే) మ్యాచ్‌లు సగం స్పోర్ట్స్‌నెట్ సగం టీఎస్ఎన్ పంచుకున్నాయి. అంటే ఒక్క టీమ్‌ని సీజన్ అంతా ఫాలో అవ్వాలంటే మూడు సబ్‌స్క్రిప్షన్లు. ఒకటి తీసేస్తే ఏదో ఒక మంగళవారమో గురువారమో పిల్లాడు రిమోట్ పట్టుకుని "నాన్నా ఇవాళ రావట్లేదు" అని నిలబడతాడు. దీనికితోడు బ్లాకవుట్. విన్నిపెగ్ జెట్స్ రీజినల్ మ్యాచ్ టొరంటోలో ఉన్నవాళ్ళకి టీఎస్ఎన్‌లో రాదు, ఒట్టావా సెనేటర్స్‌ది కూడా అంతే, ఆ టీమ్‌ల ఏరియా వేరు మన ఏరియా వేరు. డబ్బు కట్టినా రాదు అంటే మొదట్లో నాకు నమ్మకం కుదరలేదు, మా ఆఫీసులో విన్నిపెగ్ అతను ఉన్నాడు, వాళ్ళ ఊరి టీమ్‌ని చూడ్డానికి అతను పడే పాట్లు చూశాక అర్థమైంది.

ఇక చూపించే తీరు గురించి. ఇందులో నాకు కంప్లైంట్ చాలా తక్కువ, ఏ ఛానల్ అయినా కెమెరా పనితనం గొప్పగా ఉంటుంది. మా మావయ్యగారు మొన్న చలికాలం వచ్చి ఆరు నెలలు ఉన్నారు, మొదటిరోజు "ఆ నల్ల బిళ్ళ నాకు కనపడట్లేదు బాబూ" అన్నారు, నిజమే, పక్ చాలా చిన్నది, చాలా వేగం, కొత్తవాళ్ళ కంటికి అందదు. నేను చెప్పింది ఒకటే, పక్‌ని చూడకండి ఆటగాళ్ళ భుజాలు ఎటు తిరుగుతున్నాయో చూడండి అని. రెండు వారాల్లో ఆయన నాకంటే ముందు గోల్ పసిగట్టేవారు. సౌండ్ కొంచెం పెంచి చూడండి, స్కేట్లు ఐస్‌ని గీరుతున్న చప్పుడు, పక్ గోల్ పోస్ట్ ఇనుముకి తగిలి ఠంగుమనే చప్పుడు, ఆ చప్పుడుకి మా ఇంట్లో అందరం ఒకేసారి తలలు పట్టుకుంటాం. గోలీ, అంటే గోల్ కీపర్, మోకాళ్ళ మీద జారుతూ గ్లవ్‌తో పక్ అందుకోవడం స్లోమోషన్‌లో చూపిస్తే మావాడు సోఫా మీద అదే యాక్షన్ చేసి చూపిస్తాడు.

నచ్చనివి రెండున్నాయి. 2022-23 సీజన్ నుంచి రింక్ చుట్టూ ఉండే బోర్డుల మీద యాడ్స్‌ని కంప్యూటర్‌తో మార్చి చూపిస్తున్నారు, ఆట జరుగుతుండగానే వెనక బోర్డు మీద రంగులు మారిపోతుంటాయి, కళ్ళు అటు లాగేస్తాయి, మావయ్యగారికి పక్ కనపడకపోవడానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటా. రెండోది బెట్టింగ్ యాడ్స్. ఒంటారియోలో 2022 ఏప్రిల్‌లో ప్రైవేట్ ఆన్‌లైన్ బెట్టింగ్‌కి మార్కెట్ తెరిచారు, అప్పట్నుంచి ఇంటర్మిషన్ వస్తే చాలు అవే యాడ్స్. 2024 ఫిబ్రవరి చివర్నుంచి యాడ్స్‌లో ఆటగాళ్ళని వాడకూడదని రూల్ తెచ్చారు, అది మంచిదే, కానీ యాడ్స్ మాత్రం అలాగే ఉన్నాయి. ఒకరోజు మావాడు "నాన్నా ఇవాళ లీఫ్స్ ఫేవరెట్ అంట, ఆడ్స్ ఇంత అంట" అని ఆ పందెం రేటు అంకె చెప్పాడు. వాడికి తొమ్మిదేళ్ళు. ఆరోజు నుంచి ఇంటర్మిషన్ వస్తే మ్యూట్ చేసి మజ్జిగ తాగడం, గరాజ్‌లో కాసేపు బాల్ కొట్టుకోవడం అలవాటు చేశా. మీ ఇంట్లో పిల్లలుంటే ఇది సీరియస్‌గా తీసుకోండి.

మావయ్యగారు రిటైరైన టీచర్, ప్రతిదీ అడిగి తెలుసుకుంటారు. ఒక శనివారం రాత్రి మ్యాచ్ మధ్యలో అడిగారు, "ఈ టీమ్ ఎవరిది బాబూ?"

"ఎక్కువ వాటా రోజర్స్ వాళ్ళది మావయ్యా, ఫోన్ కంపెనీ."

"మరి ఆ హాలు?"

"టీమ్ నడిపే ఎంఎల్ఎస్ఈ అనే కంపెనీదే, అందులో 75 శాతం వాళ్ళదే."

"చూపించే ఛానల్?"

"స్పోర్ట్స్‌నెట్ కూడా వాళ్ళదే."

"మనింటికి ఇంటర్నెట్ ఇచ్చేది?"

మిస్సిసాగాలో ఆ వైర్ కూడా చాలా ఇళ్ళకి వాళ్ళదే అని చెప్పా. ఆయన కాసేపు ఆగి, "మా ఊళ్ళో సినిమా తీసినవాడే డిస్ట్రిబ్యూషన్ చేసుకుని హాళ్ళు కూడా లీజుకి పట్టుకుంటే టికెట్ రేటు ఎవడు అడుగుతాడు, ఇదీ అంతే" అన్నారు. నేను తొమ్మిదేళ్ళు బిల్లులు కడుతూ పట్టుకోలేని ముక్క అది.

ఆ లెక్కలు నేను తర్వాత కూర్చుని చదివా. 2011 డిసెంబర్లో బెల్, రోజర్స్ అనే రెండు బద్ధశత్రువులైన టెలికాం కంపెనీలు కలిసి ఒంటారియో టీచర్ల పెన్షన్ ప్లాన్ దగ్గర ఎంఎల్ఎస్ఈలో 75 శాతం 132 కోట్ల డాలర్లకి కొన్నాయి, మిగతా 25 శాతం ల్యారీ టానెన్‌బామ్ దగ్గర ఉండేది. ఎంఎల్ఎస్ఈ అంటే లీఫ్స్ ఒక్కటే కాదు, బాస్కెట్‌బాల్ రాప్టర్స్, టొరంటో ఎఫ్‌సీ కూడా. తర్వాత 2013 నవంబర్లో రోజర్స్ ఈ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌తో 12 ఏళ్ళకి 523 కోట్ల డాలర్ల నేషనల్ రైట్స్ డీల్ చేసుకుంది, 2014-15 సీజన్ నుంచి మొదలు. అప్పటిదాకా నేషనల్ మ్యాచ్‌లు చూపించిన టీఎస్ఎన్ చేతిలోంచి అవి పోయాయి, టీవీలో 1952 నుంచి హాకీ నైట్ నడిపిన సీబీసీకి శనివారం మ్యాచ్ చూపించే అవకాశం మిగిలింది గానీ దాని మీద వచ్చే యాడ్ డబ్బులు మాత్రం రోజర్స్‌కే. 2025 ఏప్రిల్లో మళ్ళీ 12 ఏళ్ళకి రాసుకున్నారు, ఈసారి 1,100 కోట్ల డాలర్లు, 2026-27 నుంచి 2037-38 దాకా. అంటే మావాడు ఇరవై దాటేదాకా రిమోట్ వాళ్ళ చేతిలోనే. ఇంకోపక్క 2024 సెప్టెంబర్లో బెల్ తన 37.5 శాతం వాటాని రోజర్స్‌కి 470 కోట్ల డాలర్లకి అమ్మేస్తానంది, 2025 జులై 1న, కరెక్ట్‌గా కెనడా డే నాడు, ఆ అమ్మకం పూర్తయింది. ఒకప్పుడు మొత్తం 75 శాతానికి పెట్టినదానికి మూడున్నర రెట్లు, అదీ సగానికే. లీఫ్స్ చివరిసారి స్టాన్లీ కప్, అంటే లీగ్ ట్రోఫీ, గెలిచింది 1967లో అన్న సంగతి కూడా పక్కన పెట్టుకుని ఈ అంకె చూడండి, టీమ్ గెలవకపోయినా దాని విలువ పెరుగుతూనే ఉంది ఎందుకంటే ఇక్కడి జనం చూడ్డం మానరు.

ఆ డబ్బంతా తిరిగి రావాల్సింది మన దగ్గర్నుంచే కదా. రోజర్స్ వాళ్ళకి బేస్‌బాల్ బ్లూ జేస్ కూడా ఉంది, రోజర్స్ సెంటర్ స్టేడియం ఉంది, 2023లో షా కంపెనీని కూడా కొనేసి పశ్చిమాన కేబుల్ కూడా పట్టుకున్నారు. అన్నీ ఒక చేతిలో ఉంటే ఏమవుతుందో 2022 జులై 8న దేశమంతా చూసింది, ఆ రోజు రోజర్స్ నెట్‌వర్క్ పడిపోయి కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఫోనూ నెట్టూ లేవు, షాపుల్లో డెబిట్ పనిచెయ్యలేదు, రోజర్స్ సెంటర్లో ఆ రాత్రి జరగాల్సిన ద వీకెండ్ అనే గాయకుడి కాన్సర్ట్ కూడా వాయిదా పడింది. ఫోన్ లైను తెగితే పాట కూడా ఆగిపోయింది.

మనకి ఇది కొత్తేం కాదు అనేవాళ్ళున్నారు, ముంబై ఇండియన్స్ ఎవరిదో జియో ఎవరిదో అందరికీ తెలుసు, 2023 నుంచి ఐదేళ్ళ ఐపీఎల్ డిజిటల్ రైట్స్‌కి రిలయన్స్ గ్రూపు వయాకామ్18 సుమారు 23,758 కోట్ల రూపాయలు పెట్టింది. కానీ ఒక తేడా ఉంది. జియోసినిమా 2023లో ఐపీఎల్ ఫ్రీగా చూపించింది, తర్వాత డబ్బులు పెట్టినా అమ్మ తెనాలిలో తెలుగు కామెంటరీతో ఫోన్లో చూస్తుంది, అది చేతికందే రేటులోనే ఉంది. ఇక్కడ అదే పద్ధతి మూడు వేర్వేరు బిల్లులుగా వస్తుంది.

కామెంటరీ అంటే గుర్తొచ్చింది, ఇక్కడ హాకీ నైట్‌కి పంజాబీ కామెంటరీ ఉంది, 2008లో మొదలైంది. హర్‌నారాయణ్ సింగ్ అని అల్బర్టాలోని బ్రూక్స్ అనే చిన్న ఊరి అబ్బాయి, 2016 స్టాన్లీ కప్ ఫైనల్లో పిట్స్‌బర్గ్ ఆటగాడు బొనీనో గోల్ కొడితే "బొనీనో బొనీనో బొనీనో" అని ఊపిరి బిగపట్టి అరిచాడు, పిట్స్‌బర్గ్ మొత్తం ఆ అరుపుకి ఫిదా అయిపోయింది. మా పక్కింటి పంజాబీ పెద్దాయన ఆయనకి ఇంగ్లీషు రాకపోయినా మ్యాచ్ మొత్తం అనుభవిస్తూ చూస్తాడు, మావయ్యగారు ఆయనతో కూర్చుని అర్థంకాని భాషలో కూడా ఆనందపడ్డారు. మొత్తం ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎవరు చేసినా చెయ్యాల్సిన పని. మనవాళ్ళ సంఖ్య కూడా పెరుగుతోంది కాబట్టి ఏదో ఒకరోజు తెలుగులో "గోల్" వినాలని ఉంది.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఒక టెలికాం కంపెనీ, పేరు అవసరం లేదు, ఇంటర్నెట్ ప్లస్ ఫోన్లు ప్లస్ స్పోర్ట్స్ అని బండిల్ ఆఫర్ ఇచ్చింది, తలుపు కొట్టి వచ్చిన అబ్బాయి రెండేళ్ళు ఇదే రేటు అన్నాడు. ఎనిమిదో నెల బిల్లు చూస్తే నలభై డాలర్లు ఎక్కువ, ఫోన్ చేస్తే స్పోర్ట్స్ డిస్కౌంట్ ఆరు నెలలకే అన్నారు, యాభై నిమిషాలు హోల్డ్‌లో ఉండి అడిగితే స్పోర్ట్స్ తీసేస్తే ఇంటర్నెట్ రేటు పెరుగుతుందన్నారు. కాగితం మీద అలాగే ఉంది, చిన్న అక్షరాల్లో, నేను చదవలేదు. మీరు తీసుకునేముందు ఒక్కో ఐటమ్ డిస్కౌంట్ ఏ తేదీ దాకా అని ఈమెయిల్లో రాయించుకోండి, నోటిమాట నమ్మకండి.

మరి ఏం కొనాలి? ఇప్పుడు మేము చేస్తున్నది చెప్తా. ముందుగా ఒక యాంటెన్నా, ముప్పై నలభై డాలర్లది, సీఎన్ టవర్ మీదనుంచి సీబీసీ 5.1 లోనూ సిటీ 57.1 లోనూ గాల్లోంచి ఫ్రీగా వస్తాయి, శనివారం హాకీ నైట్ దీంట్లోనే చూస్తాం, చాలాసార్లు కేబుల్ కంటే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. యాంటెన్నా లేకపోతే సీబీసీ జెమ్ యాప్ ఫ్రీ. దానిమీద ఒక్క స్పోర్ట్స్ యాప్ మాత్రం, అదీ నెల నెలా, సీజన్ షెడ్యూల్ ముందేసుకుని ఏ నెల ఎందులో ఎక్కువ మ్యాచ్‌లున్నాయో చూసుకుని ఆ నెల అది, జులై ఆగస్టుల్లో ఏదీ ఉండదు. ఏడాది ప్లాన్ చవక అనిపిస్తుంది కానీ నాలుగు నెలలు ఆట ఉండదు కదా. ప్రైమ్ సామాన్ల కోసం ఎలాగూ ఉంటే సోమవారం అదనం. ఆ నెల మేము కొనని ఛానల్లో మ్యాచ్ పడితే ఆ రాత్రి రేడియో పెడతాం, మావాడు రేడియో వింటూ నేల మీద టేప్‌తో రింక్ గీసి బటన్లు జరుపుతాడు, అది చూడ్డం కూడా బాగుంటుంది. మరీ లైవ్‌గా చూపించాలంటే లీఫ్స్ ఆడే స్కోషియాబ్యాంక్ అరీనా జోలికి పోకుండా మార్లీస్ మ్యాచ్‌కి తీసుకెళ్ళండి, లీఫ్స్ కింది టీమ్, కోకాకోలా కోలిజియంలో ఆడతారు, టికెట్ తక్కువ, గ్లాస్‌కి దగ్గరగా కూర్చోవచ్చు, అమ్మాయిల టీమ్ టొరంటో సెప్టర్స్ కూడా అక్కడే ఆడతారు, ఆట చాలా చురుగ్గా ఉంటుంది, మా అన్నయ్య కూతురు అది చూశాకే స్కేట్లు కొనమంది.

రేటింగ్ ఇవ్వమంటే బొమ్మా సౌండూ కెమెరా 5కి 4.5, పంజాబీ కామెంటరీకి 5కి 5, బెట్టింగ్ యాడ్స్‌కి 1, మూడు బిల్లుల పద్ధతికి 2, యాంటెన్నాకి 5. యాంటెన్నా మాత్రం సీఎన్ టవర్ వైపున్న కిటికీకే పెట్టండి, మా ఇంట్లో వంటింటి కిటికీ అటు ఉంది, శనివారం సాయంత్రం ఆరున్నరకి మా ఆవిడ ఉప్మా పోపు వేస్తుంటే మావాడు స్టూల్ ఎక్కి దాన్ని రెండు అంగుళాలు కుడికి జరుపుతాడు, సిగ్నల్ సరిగ్గా అక్కడే వస్తుంది.