గ్రాంప్స్: కంప్యూటర్ మారినా మా తిథులను కాపాడిన సాఫ్ట్‌వేర్

వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యం తిథులు. పుట్టిన సంవత్సరం కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ముత్తాత ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథినాడు పోయారన్నది తప్పితే ఆబ్దికమే తప్పుతుంది. అందుకే ఇన్నేళ్లు వాడాక గ్రాంప్స్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్ గురించి రాయాలంటే, చార్టులూ రంగుల సంగతి కాక, కంప్యూటర్ మార్చినప్పుడు ఈ తిథులు ఎలా దక్కాయో చెప్పాలనిపిస్తోంది.

అంతకుముందు డబ్బు పెట్టి కొన్న ఒక విండోస్ ప్రోగ్రామ్ వాడేవాణ్ణి. చూడ్డానికి బాగుండేది, మనకు కావలసిన గళ్లు మనమే కలుపుకునే వీలుండేది. గోత్రానికి ఒకటి, తిథికి ఒకటి కలుపుకున్నాను. పాతతరం వాళ్ల వివరాలు మాత్రం మా పెదనాన్న నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టు పెద్ద పెద్ద నోట్స్‌గా ఎక్కించాను. ఆయన పెళ్లిళ్లకు వెళ్లినా, పరామర్శకు వెళ్లినా పెద్దవాళ్ల పక్కన కూర్చుని రాసుకొచ్చిన వివరాలవి. చెప్పినవాళ్లలో ఇప్పుడెవరూ లేరు.

డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ మొరాయించడం మొదలయ్యాక ల్యాప్‌టాప్ కొన్నాను. అందులో ఆ ప్రోగ్రామ్ యాక్టివేట్ కాలేదు. తయారుచేసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. దాని సొంత ఫైలును ఇంకే సాఫ్ట్‌వేరూ తెరవదు. పాత డిస్క్ ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంటి చరిత్ర మనది, తాళం మాత్రం వాళ్ల దగ్గర!

గ్రాంప్స్‌కు మారాలంటే ఇక మిగిలిన దారి జెడ్‌కామ్. లేటర్ డే సెయింట్స్ చర్చి 1984లో తెచ్చిన ఫార్మాట్ ఇది. వంశవృక్షం సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఎక్కువగా దీంతోనే. ఉత్త టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు. పేరులో ఇంటిపేరును రెండు వాలుగీతల మధ్య పెడతారు. అది ముందున్నా వెనకున్నా ఒప్పుకుంటుంది కాబట్టి మన పద్ధతికి ఇబ్బంది లేదు.

పాత డెస్క్‌టాప్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలే వచ్చింది. ఆ ప్రోగ్రామ్ మామూలుగా ఆన్సి ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను ఫైల్లో దాచే ఒక పాత పద్ధతి) రాస్తుంది, అందులో తెలుగుకు చోటు లేదు. ఫాంటు మారిస్తే బాగయ్యే జబ్బు కాదది, అక్షరాలు ఫైల్లోకే రాలేదు. ఆప్షన్లలో ఎక్కడో మూలనున్న, అన్ని భాషలకూ చోటున్న యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ ఎంచుకుని మళ్లీ తీస్తే తెలుగు వచ్చింది. కానీ పెద్ద నోట్స్ మధ్యలో అక్కడక్కడా నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం గుర్తులు. ఒకచోట ‘మాఘ శుద్ధ’ తర్వాత ఆ గుర్తు, ఆ వెంటనే ‘దియ’. అది విదియా, తదియా? మా ముత్తవ్వ తిథి అది.

కారణం తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. జెడ్‌కామ్ 5.5.1 వెర్షన్‌లో ఒక వరుస 255 అక్షరాలు దాటకూడదు. పొడవైన నోట్‌ను ముక్కలు చేసి, తరువాతి ముక్కను కాంక్ అనే ట్యాగ్‌తో (ఆ వరుస ఏమిటో చెప్పే గుర్తు) మొదలుపెట్టాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు కూడా, మూడేసి బైట్లు (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే చిన్న ముక్కలు). ఆ ప్రోగ్రామ్ అక్షరాలను కాక బైట్లను లెక్కపెట్టి, అక్షరం మధ్యలోనే తెంపేసింది. ఒక బైటు ఈ వరుస చివర, మిగతా రెండు తరువాతి వరుసలో కాంక్ తర్వాత. మన భాషల సంగతి ఆలోచించకుండా రాసిన కోడ్ వల్ల వచ్చిన తంటా ఇది. 2021లో వచ్చిన జెడ్‌కామ్ 7.0లో కాంక్‌ను తీసేశారు, యూటీఎఫ్-8 తప్పనిసరి చేశారు. మూతపడిన సంస్థ ప్రోగ్రామ్‌కు ఆ మేలు ఎలా అందుతుంది?

ఊరట ఏమిటంటే, బైట్లు ఎక్కడికీ పోలేదు, విడిపోయాయంతే. మా మేనల్లుడికి ఫైలు పంపబోతుంటే ఫోన్‌లో అరిచినంత పని చేశాడు: “మామయ్యా, దాన్ని ఎడిటర్‌లో తెరిచి సేవ్ చెయ్యకు! సేవ్ చేస్తే ఆ సగం సగం బైట్లు నిజంగానే పోతాయి.” పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న స్క్రిప్ట్ రాసి, వరుస చివరి గుర్తునూ కాంక్ ట్యాగ్‌నూ బైట్ల స్థాయిలోనే తీసేసి రెండు ముక్కల్నీ కలిపాడు. వరుసలు చాంతాడంత అయ్యాయి, గ్రాంప్స్ వాటిని ఏ పేచీ లేకుండా చదివింది. మాఘ శుద్ధ తదియ.

ఇక గ్రాంప్స్ మీద నాకు గురి కుదిరింది ఆ తరువాత. నేను కలుపుకున్న గోత్రం, తిథి గళ్లు జెడ్‌కామ్‌లోకి ఆ ప్రోగ్రామ్ సొంత ట్యాగులుగా వచ్చాయి. ఇంకో సాఫ్ట్‌వేర్‌కు అవి తెలియాలని లేదు, తెలియనిదాన్ని చప్పుడు చేయకుండా వదిలేసేవే ఎక్కువ. గ్రాంప్స్ మాత్రం అర్థం కాని ప్రతి వరుసనూ, అర్థం కాలేదని చెబుతూ, ఆ మనిషి కిందే ఒక నోట్‌గా పెట్టింది. ఒక్కొక్కరి పేరూ తెరిచి చూస్తుంటే తిథి అక్కడే ఉంది. ఈ ఒక్క మర్యాదకు ఎంత మెచ్చుకున్నా తక్కువే. మేనరికాలూ దత్తతలూ కూడా చెక్కుచెదరలేదు. అమ్మమ్మ తాతయ్యకు మేనకోడలే అయినా ఆవిడ ఒక్క మనిషిగానే ఉంది, రెండు వైపులా బంధం చూపిస్తోంది.

తిథులు దక్కాయన్నానే గానీ, వాటికి గ్రాంప్స్‌లో సరైన చోటు ఉందని కాదు. హీబ్రూ, ఇస్లామిక్, పర్షియన్ క్యాలెండర్లున్నాయి, మన పంచాంగం లేదు. తేదీ గడిలో ‘వికారి నామ సంవత్సరం’ అని రాస్తే తీసుకుంటుంది, దాంతో వయసు మాత్రం లెక్కకట్టలేదు. వికారి 1959–60లోనూ వచ్చింది, 2019–20లోనూ వచ్చింది మరి. అందుకే ఇంగ్లిష్ తేదీని తేదీ గడిలోనూ, తిథిని నోట్‌లోనూ పెడుతున్నాను.

ఫొటోల సంగతి వేరు. జెడ్‌కామ్‌లో ఫొటో ఉండదు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో మాత్రమే ఉంటుంది. కంప్యూటర్ మారితే ఆ దారి చెల్లదు. గ్రాంప్స్‌లోని మీడియా మేనేజర్‌తో దారులు ఒకేసారి మార్చుకున్నాను. గ్రాంప్స్ నుంచి గ్రాంప్స్‌కే వెళ్లేటప్పుడు ఫొటోలతో సహా ఒకే ప్యాకేజీగా కట్టే పద్ధతి ఉంది, ఇప్పుడు నా బ్యాకప్ అదే. వేరే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలంటే మళ్లీ జెడ్‌కామే గతి. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి అలా పంపితే ఊరు, తాలూకా, జిల్లా అంచెలుగా కట్టుకున్నదంతా కామాలతో ఒకే వరుసగా వెళ్లింది. బతికున్నవాళ్ల వివరాలు తీసేసి పంపే వీలు మాత్రం నాకు బాగా పనికొచ్చింది.

రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే అలవాటుంది, ఇంట్లో ఈ పని చేసేది నేనొక్కణ్ణే, బైట్ల సంగతి తెలిసిన మేనల్లుడున్నాడు, కాబట్టి నాకు గ్రాంప్స్ సరిపోయింది. చుట్టాలందరూ ఫోన్లోనే చూసి దిద్దాలనుకుంటే ఒంటరి డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ సరిపోదు. గ్రాంప్స్ వెబ్ ఉంది గానీ దాన్ని సర్వర్‌లో పెట్టుకోవాలి, నేనింకా అటు వెళ్లలేదు. మీరు ఏది వాడుతున్నా సరే, పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుండగానే యూటీఎఫ్-8లో ఒక జెడ్‌కామ్ తీసి, పెద్ద నోట్స్ చివరిదాకా చదివి చూడండి.