80 శాతం దాటితేనే తర్వాతి పాఠం: ప్రత్యామ్నాయ పాఠశాలపై ఓ తల్లి సమీక్ష

చదువులో వెనకబడిన పిల్లల కోసం నడిచే ప్రత్యామ్నాయ పాఠశాలల గురించి అందరికీ తెలిసిన సంగతులు మళ్లీ రాయను. తరగతిలో పిల్లలు తక్కువ, ఒక్కొక్కరికీ విడి ప్రణాళిక, ర్యాంకులు లేవు. ఇవి ఏ పరిచయ పత్రంలోనైనా ఉంటాయి. మా అబ్బాయి ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పి అలాంటి బడిలో చేరాడు. బడి చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఇన్నాళ్ల తర్వాత కూడా నేను నలుగురికీ చెప్పేది అక్కడి ఒకే ఒక నియమం గురించి: పాఠంలో 80 శాతం వస్తేనే తర్వాతి పాఠం. రాకపోతే తప్పు ఎక్కడ జరిగిందో చూసి, అంతవరకు మళ్లీ నేర్పి, మళ్లీ పరీక్ష పెడతారు. మొదటిసారి వచ్చిన మార్కు ఎక్కడా మిగలదు.

పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లోనే దీనికి ఒక రూపం ఇచ్చారు. తగినంత సమయం, తగిన సాయం దొరికితే నూటికి తొంభై మందికి పైగా పిల్లలు చెప్పిన పాఠాన్ని పూర్తిగా పట్టుకోగలరని ఆయన వాదించారు. మామూలు బడిలో సమయం అందరికీ ఒక్కటే, వచ్చిన చదువు మాత్రం తలా కొంత. ఇక్కడ రావలసిన చదువు ఒక్కటే, పట్టే సమయం మాత్రం ఎవరిది వారిదే. చేర్చేటప్పుడు ఈ మాటలు విని ఊరుకున్నాను. పిల్లవాడి నోటుపుస్తకం చూశాకే నమ్మకం కుదిరింది.

చేరిన కొత్తలో వాడిని బీజగణితం ముట్టుకోనివ్వలేదు. కింది తరగతుల పాఠాల మీద ఒక్కొక్కటిగా చిన్న పరీక్షలు పెడుతూ పోతే, చివరికి భిన్నాల కూడిక దగ్గర దొరికాడు. ఆ వారం తల్లిదండ్రులను తరగతిలో కూర్చోనిస్తే వెనక బల్ల మీద కూర్చుని చూశాను. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశాడు. పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కూడేశాడు. టీచర్ దాన్ని కొట్టివేయలేదు.

‘‘నీ దగ్గర సగం ఉంది. దానికి ఇంకొంత కలిపావు. ఇప్పుడు సగం కన్నా ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా?’’

‘‘ఎక్కువే ఉండాలి టీచర్.’’

‘‘అయితే నువ్వు రాసింది బొమ్మ గీసి చూపించు.’’

కాగితం మీద పొడవాటి పట్టీ గీశాడు. ఐదు గళ్లు చేసి రెండింటికి రంగు వేశాడు. పెన్సిలు పట్టుకుని చాలాసేపు దాని వంకే చూశాడు. ‘‘ఇది సగం కూడా లేదు టీచర్’’ అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు, ఇంకో కాగితం ఇచ్చింది. ఈసారి ఆరు గళ్లు. సగానికి మూడు, మూడో వంతుకు రెండు. 5/6 అని రాసి, ఎవరూ అడగకుండానే పక్కన 1/2, 1/4 వేసుకుని కూడాడు. లెక్కల పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకునే పిల్లవాడు తనకు తానే ఇంకో లెక్క ఇచ్చుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ ఒక్క పూటకే ఆ బడికి జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇలాంటి చోట క్రమశిక్షణ సడలింపుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. మాకు ఎదురైంది వేరు. రెండో పరీక్ష రాయాలంటే ముందు ఒక కాగితం ఇవ్వాలి: ఏది తప్పింది, ఎందుకు తప్పింది, ఇప్పుడు ఎలా చేస్తాను. ఆ కాగితం లేకపోతే పరీక్ష లేదు. ‘‘సరిగా చదవలేదు’’ అని రాస్తే తిప్పి పంపేవారు. బడికి రాకపోతే మొదటి పీరియడ్ ముగియకముందే ఇంటికి ఫోను వచ్చేది.

అయితే ఈ నియమం అన్ని సబ్జెక్టులకూ ఒకేలా అతకదు. భిన్నాల్లో 80 శాతం అంటే అర్థమవుతుంది, వ్యాసరచనలో 80 శాతం అంటే ఏమిటో నాకు చివరిదాకా బోధపడలేదు. ఎలాగూ మళ్లీ రాయవచ్చు కదా అని మొదటి పరీక్షకు చదవకుండా వెళ్లే అలవాటు కూడా పిల్లలకు అంటుకుంటుంది. మావాడికీ అంటుకుంది.

అసలు దెబ్బ ఏడాది మధ్యలో తగిలింది. ఆ లెక్కల టీచర్ మానేసింది. తర్వాత వచ్చినాయన నియమాన్ని అలాగే ఉంచాడు, దాని వెనక ఉన్న పనిని వదిలేశాడు. తప్పితే అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇచ్చేవాడు. రెండో విడతకో మూడో విడతకో జవాబులు కంఠస్థమై 80 దాటేది. నిష్పత్తులు, శాతాలు రెండు పాఠాలూ మావాడు అలాగే దాటాడు. వడ్డీ లెక్కలు వచ్చేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు. రిజిస్టరులో మాత్రం ఆ పాఠాలు వచ్చేసినట్టే ఉంది. మళ్లీ మళ్లీ అడిగితే గానీ వేరే ప్రశ్నపత్రాలు తయారు చేయలేదు. ఆ జాప్యం మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. వెనకబడిన పిల్లవాడికి ‘నీకు వచ్చేసింది’ అని రాని పాఠం గురించి చెప్పడం కన్నా అన్యాయం ఇంకేముంటుంది?

చివరి ఏడాది బయటి పరీక్ష ఇంకో చిక్కు తెచ్చింది. అక్కడ అవకాశం ఒక్కటే, గడియారం ఎదురుగా ఉంటుంది. ఆ అలవాటు బడి నేర్పలేదు. సాయంత్రాలు ఇంట్లో సమయం పెట్టి నేనే రాయించాను. పాసయ్యాడు, మార్కులు మాత్రం ఓ మోస్తరు.

మా పరిస్థితి వేరు అని కూడా చెప్పాలి. మావాడికి ఉన్నది పునాదిలో ఖాళీ, అంతే. డిస్లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) లాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు అందులో ప్రత్యేక శిక్షణ పొందినవారు కావాలి. మా బడిలో అలాంటివారు లేరు. పైగా ఆ బడికి వెళ్తానన్నది వాడే, సాయంత్రాలు పక్కన కూర్చునే వీలు నాకు ఉంది. ఈ రెండూ లేని ఇంట్లో ఇదే బడి ఇంతే మేలు చేస్తుందని నేను హామీ ఇవ్వలేను. చేర్చాలనుకుంటే రెండో విడత ప్రశ్నపత్రం చూపించమని అడగండి, టీచర్లు ఎన్నాళ్లుగా ఉంటున్నారో కనుక్కోండి. మా అమ్మాయిని మాత్రం మామూలు బడిలోనే ఉంచాం. తనకు పాఠాలు చకచకా సాగితేనే ఇష్టం.